చౌడక్క ముల్లు, నీలావతి గోళ్లు

నరేష్ తోటలోని బొప్పాయి లోడు నీలావతి గోళ్ల వల్లనే కుళ్లిపోయిందని పెనుకొండ బస్టాండు మొదలుకొని ధర్మవరం రైల్వే గేటు దాకా ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. కూలి పెంచలేదన్న కసితో కాయకు నాలుగు వేళ్లూ దించి గీకిందని ఒకరంటారు. గోళ్ల సందున ఏదో పసరు పెట్టుకొని వచ్చిందని ఇంకొకరు. హిందూపురం మండీకి చేరేసరికి ఆమె చేతికి ఆరు వేళ్లు కూడా మొలిచాయి. ఇంత చెప్పేవాళ్లలో నీలావతి చేతులు దగ్గరగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ కాయలకు గీటు ఎలా పడిందో తెలిసిన మనిషి మాత్రం ఒకామె ఉంది. ఆమె నోరు విప్పడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల సంగతి సగం తెలిసినవాళ్లు సగమే చెప్పడం వల్ల ఈ గొడవంతా. కాబట్టి మొదటి నుంచీ చెప్పుకుందాం.

ఆమె పేరు చౌడక్క. అరవై దగ్గర పడ్డాయి. పెనుకొండలో బెంగళూరు బస్సులు ఆగేచోట తోపుడుబండి మీద బొప్పాయి ముక్కలు అమ్ముతుంది. భర్త నాగన్న గొర్రెలు కాచేవాడు. ఆయన చనిపోయిన ఏడాదే బండి పెట్టింది, దానికి పదిహేడేళ్లు. ఒక్కగానొక్క కూతురు మాధవిని ఆ బండి చక్రాల పక్కనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. పెద్దయ్యాక హిందూపురం రోడ్డు పక్క ఊళ్లో మూడెకరాల రైతు నరేష్‌కిచ్చి పెళ్లి చేసింది.

ఆమె పండు తియ్యదనం బస్సు డ్రైవర్లందరికీ తెలుసు. కండక్టరు రామాంజనేయులు ఒక పొట్లం తినందే రైటు చెప్పడు.

"ఏం చౌడక్కా, పండులోకి చక్కెర సూది ఏస్తావా ఏంది?" అంటాడు.

"ఏస్తా. నీ నోట్లోకి గూడా ఒకటేస్తా రా. ఆ కూతలన్నా తియ్యగా వస్తాయి" అంటుంది చౌడక్క, ముక్కల మీద ఉప్పుకారం చల్లుతూ.

సూది లేదు గానీ ముల్లు ఉంది. పచ్చికాయ తెచ్చుకున్న పూట ఇంటి తలుపు దగ్గరికేసి, తుమ్మముల్లుతో కాయకు తొడిమ దగ్గర నుంచి కింది మొన దాకా నాలుగు సన్నని గీట్లు పెడుతుంది. గీటు వెంబడి తెల్లటి పాలు కారి కింద పరిచిన బూడిదలో పడతాయి. పాలు పోతే చేదు పోతుంది, కాయ తొందరగా మాగుతుంది. ఈ విద్య అత్త దగ్గర నేర్చుకున్నది. తర్వాత కాయను న్యూస్‌పేపర్లో చుట్టి గోనె పరిచిన బుట్టలో పెడుతుంది. రెండోరోజు సాయంత్రానికి పండు. మూడోరోజుకు బుట్ట ఖాళీ. గీసిన కాయ మూడోరోజున, నాలుగోరోజున ఎలా ఉంటుందో ఆమె పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన పని పడలేదు.

ఈ ముల్లు సంగతి బయటివాళ్లకు తెలియదు. చిన్నప్పుడు కాయలు కదలకుండా పట్టుకున్న మాధవికి తెలుసు. అంతే.

ఈ ఏడు వానలు పట్టు విడవకుండా కురిశాయి. నరేష్ తోటలో కాయ విరగకాసింది, కానీ అందరి తోటల్లోనూ అలాగే కాసింది కాబట్టి దగ్గర్లో అడిగే దిక్కు లేదు. చెట్టు మీదే పండి రాలిపోతోంది. అటువంటప్పుడు హిందూపురం మండీ వ్యాపారి నాగభూషణం ఒక మాట చెప్పాడు. ఢిల్లీ వైపు ఒక లోడు పంపి చూద్దాం, ఐదు రోజుల ప్రయాణం, కాయ చెడకుండా చేరితే వేసవి దాకా నీ తోట మొత్తం నాదే. చెడితే నన్ను మళ్లీ అడగొద్దు.

నరేష్ నేరుగా అత్త బండి దగ్గరికి వచ్చాడు.

"అత్తా, కాయ సంగతి నీకు తెలిసినంత నాకు తెల్దు. ఒక్కదినం బండి ఆపి తోటకు రా. నీ చెయ్యి పడితే నాకు ధైర్యం."

అల్లుడు నోరు తెరిచి అడిగిన మొదటి సాయం అది. చౌడక్క ఆ రాత్రి కొత్త చీర తీసి మడత విప్పి మళ్లీ మడిచింది.

కాయ కొయ్యడానికి ధర్మవరం నుంచి నీలావతి వచ్చింది, ఆమె వెంట ఐదుగురు ఆడవాళ్లు. నీలావతి నలభై ఐదేళ్ల మనిషి. పట్టుచీరల మగ్గం మీద సగం జీవితం గడిపి, మగ్గం మూలపడ్డాక తోట పనులకు గుంపు కట్టుకుంది. పొద్దున్నే ప్యాసింజర్ రైలు ఎక్కి పెనుకొండలో దిగి ఆటోలో వచ్చేవాళ్లు. ఆ రోజు వాళ్లు కాయను మెలిపెట్టి దించి, తొడిమ దగ్గర కారిన పాలు తుడిచి, షెడ్డులో గోనెల మీద పసిపిల్లలను పడుకోబెట్టినట్టు పరిచారు. ఆరువందల కాయలు. పన్నెండు కాకముందే పని ముగించి వేరే తోటకు వెళ్లిపోయారు.

"అక్కా, లెక్క చూసుకో. ఒక్కటన్నా దెబ్బ తగిలిండేది ఉంటే ఇప్పుడే చెప్పు, మళ్లీ మామీద మాట రాకూడదు" అన్నది నీలావతి వెళ్తూ.

చౌడక్క వంగి చూసింది. "యాడా లేదుపో, ముత్యాల మాదిరి ఉండాయి" అన్నది.

నరేష్ ప్లాస్టిక్ క్రేట్ల కోసం హిందూపురం పోయాడు. మాధవి పిల్లల్ని చూసుకుంటూ ఊళ్లో ఇంట్లోనే ఉంది. షెడ్డులో చౌడక్క ఒక్కతే, ఆరువందల పచ్చికాయలు, ఒక మూట పాత పేపర్లు. ఆమె పని కాయలను పేపర్లో చుట్టడం. పది కాయలు చుట్టింది. పదకొండోది చేతిలో పట్టుకొని ఆగింది.

ఢిల్లీ వాళ్లు మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఇది ఏ ఊరి పండు అని అడగాలి. నాగభూషణం ఫోన్ చేసి నరేషూ, ఈ తీపి యాడిదబ్బా అనాలి. అప్పుడు నరేష్ తన వైపు తిరిగి నవ్వాలి. ఇదే ఆమె అనుకున్నది. కసి లేదు, ద్వేషం లేదు, ఎవరూ చెయ్యమనలేదు. కంచెలో తుమ్మచెట్టు ఉంది. వెళ్లి గట్టి ముల్లొకటి విరుచుకొచ్చింది. చుట్టిన పదింటినీ కూడా విప్పింది. నాలుగు గీట్లు, తుడుపు, చుట్టు. నాలుగు గీట్లు, తుడుపు, చుట్టు. ఐదు గంటలకు నరేష్ వచ్చేసరికి ఆరువందల పొట్లాలు వరుసగా ఉన్నాయి.

"అప్పుడే అన్నీ చుట్టేసినావా అత్తా!" అంటూ ఒక పొట్లం ఎత్తి వాసన చూశాడు. విప్పలేదు. ఆమె చెప్పలేదు. చెప్పకపోవడంలో దాపరికమేమీ లేదు. మెప్పు ఢిల్లీ నుంచే రానీ, అప్పుడు చెప్పొచ్చులే అనుకుంది.

లోడు చేరిన మరునాడు, అంటే సోమవారం, నరేష్ బండి దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

ఒక్కొక్క పొట్లం విప్పి తీసిన ఫోటోలు. కాయకు కాయకు నాలుగేసి నల్లని చారలు, చారల చుట్టూ నీళ్లు పట్టిన గుంటలు. వాటి మీద దూది రేకల్లాంటి తెల్లటి బూజు, అక్కడక్కడా గులాబీ రంగు జిగురు. ఒక ఫోటోలో ఎవరిదో బొటనవేలు పండులోకి పిడికిలి దాకా దిగిపోయినట్టు ఉంది.

"చూడత్తా. గోళ్లతో గీకినారు. నాలుగు వేళ్లూ అచ్చు పడినట్ల కనపడతాండాయి. ఆ ధర్మవరం ఆడోళ్లల్లో గోళ్లు పెంచుకున్నేది ఎవురు?"

ఆ చారలను చౌడక్క ఎక్కడున్నా గుర్తుపడుతుంది. కానీ పదిహేడేళ్లు ఒక్క పండూ ఇలా కాలేదే! గీస్తే కుళ్లడమేమిటి? లారీలో వేడికి కుళ్లి ఉంటుంది, దారిలో తడిసి ఉంటుంది. అలా అనుకుంటూనే నోటి నుంచి ఒక మాట జారింది.

"ఏమో నాయనా... ఉంటారులే ఎవురో ఒకరు."

అంతే అన్నది. నరేష్ ఆ మాటను నాగభూషణానికి చెప్పాడు. నాగభూషణం మండీలో చెప్పాడు. మండీలో విన్న రైతులు తమ తోటల గేట్ల దగ్గర చెప్పారు. ఉంటారులే అన్నది ఉంది అయింది, ఉంది అన్నది నీలావతి అయింది.

నరేష్ కాళ్లావేళ్లా పడితే నాగభూషణం ఇంకొక్క లోడుకు ఒప్పుకున్నాడు. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం. అది కూడా చెడితే తోట దున్నేసుకో అన్నాడు.

మంగళవారం మాధవి వచ్చింది. మొగుడు పంపిన ఫోటోను రెండువేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత తల్లి చేతుల వైపు చూసింది. చౌడక్క నోరు తెరవబోయింది.

"నాకేం చెప్పొద్దుమా" అన్నది మాధవి గబుక్కున. "చెప్తే నేను ఆ మనిషి పక్కన కూచోని కూడు యెట్ల తినాల? మా మామ, మా ఆయన, అందరూ నీ చెయ్యి, నీ చెయ్యి అంటాండారు నిన్నటి దాకా. ఆ గడపలోకి నువ్వు మళ్లా రావల్ల. నాకేం చెప్పొద్దు."

అత్తను నిలదీసి అడిగే అల్లుడు ఉండడు. కూతురు వినను పొమ్మంది. ఇక ఆమెను అడిగేవాళ్లు ఎవరూ లేరు. చెబితే కూతురింటి గడప పోతుంది, చెప్పకపోతే నీలావతికి పని పోతుంది. చౌడక్కకు ఇది మంగళవారమే అర్థమైంది. అయితే ఆమెకు ఒక దారి మిగిలింది: అసలు తప్పు తనది కాకపోవడం.

ఆ సాయంత్రమే మాధవితో చెప్పి నరేష్ తోటవే పది కాయలు తెప్పించింది. ఐదింటిని గీసింది, ఐదింటిని అలాగే ఉంచింది. పదింటినీ పేపర్లో చుట్టి మంచం కింద రెండు వరుసలుగా పెట్టింది. మంచం మీద తను పడుకుంది. తన జన్మలో మూడోరోజు దాకా పండు దాచడం అదే మొదలు.

బుధవారం ఏమీ లేదు. గురువారం సాయంత్రం గీసిన వరుసలో ఒకటి విప్పింది. కమ్మటి వాసన, బంగారం రంగు, గీట్లు సన్నగా ఆరిపోయి ఉన్నాయి. "చూసినావా!" అన్నది పండుతోనే, మళ్లీ చుట్టి పెడుతూ. ఆ రోజు బండి మీద అందరికీ ఒక ముక్క ఎక్కువ వేసింది.

శుక్రవారం సాయంత్రం నీలావతి బండి దగ్గరికి వచ్చింది, వెనక ఇద్దరు ఆడవాళ్లు. ధర్మవరం రైలుకు ఇంకా గంట ఉంది. ముగ్గురూ కాలువ గట్టు మీద చతికిలబడ్డారు.

"పని దొరికెనా?" అని అడిగింది చౌడక్క. అడగకుండా ఉండలేని నోరు ఆమెది.

"మూడు తోటలు తిరిగితిమక్కా. ఒకాయప్ప గేటు కాడనే చేతులు చూపమన్యాడు."

"చూపిస్తివా?"

"చూపిస్తి. 'ఈ దినం కత్తిరించుకొని వచ్చినావులే' అన్యాడు." నీలావతి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "పట్టు పోగుల మీద ఇరవై ఐదేండ్లు బతికిన చేతులక్కా ఇవి. రవ్వంత గోరు తగిల్తే పోగు లేస్తాది, చీర మీద మచ్చ పడతాది. మా నాయన చిన్నప్పుడు బ్లేడు తీసుకొని వారానికొకసారి చర్మం దాకా గీకేటోడు. ఈ గుంపులో గోరున్నోళ్లు లేరు. ఉంటే నేనే ఏలు కోసేసి ఉందును."

వెనకున్న ఆమె అంది: "దారానికి భయపడిన చేతులు కాయను గీకుతాయా అని నేనంటే, మా మొగుడు కూడా నవ్వుతాడక్కా. నీకు కోపమొచ్చినప్పుడు నన్ను గీకల్యా అంటాడు."

చౌడక్క మూడు పొట్లాలు కట్టి ఇచ్చింది. నీలావతి వద్దంది. చౌడక్క ఒళ్లోకి తోసింది. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకుంది.

"చక్కెర మాదిరి ఉండాది. యెట్ల చేస్తావక్కా?"

ఊరికే అడిగింది, నోటి తీపికి అడిగింది. చౌడక్క చేతిలోని కత్తి పండు మీద ఆగింది.

"చెయ్యి గుణంలే" అన్నది.

ఇంటికి వెళ్లి మంచం కిందకు వంగింది. గీసినవాటిలో ఒకదాని మీద గీటు పక్కన తడి మెరుపు. వేలు పెడితే వేలి కొన లోపలికి దిగింది. ఆమె గబగబా పేపర్ చుట్టేసింది, చూడకపోతే అది కానట్టు. శనివారం పొద్దున మొత్తం పది విప్పింది. గీసిన ఐదూ ఐదే. గీటు గీటుకూ తెల్లటి బూజు, ఒకదాని మీద గులాబీ జిగురు కూడా. ఫోటోలో చూసింది చూసినట్టు. గీయని వరుసలో నాలుగు పండ్లు గట్టిగా, నున్నగా ఉన్నాయి. ఐదోదాని తొడిమ చుట్టూ మాత్రం రూపాయి బిళ్లంత నల్లటి వలయం.

చౌడక్క నేల మీద కూలబడి ఆ ఐదోదాన్ని ఒళ్లో పెట్టుకుంది. గీయనిదానికీ వచ్చింది కదా! వచ్చింది కదా! పదిసార్లు అనుకుంది. దాన్ని కొంగులో చుట్టుకొని ఆదివారమంతా దాచుకుంది. సోమవారం పొద్దున ఊరి సచివాలయం తెరవక ముందే మెట్ల మీద కూర్చుంది.

ఉద్యానశాఖ తరఫున అక్కడ పనిచేసే అమ్మాయి పేరు వీణ. పాతికేళ్లుంటాయి, స్కూటరు దిగీ దిగకముందే చౌడక్క పండు ముందుకు చాపింది.

"ఇది చూడు తల్లీ. దీన్ని ఎవురూ గీకల్యా. గోరు గానీ, ముల్లు గానీ తగల్యా. ఎందుకు కుళ్లె?"

వీణ పండు తిప్పి చూసింది. "ఇది ఫంగస్ అవ్వా. బూజు జాతి. తోటలోనే అంటుకుంటాది. కింద రాలిన ఎండాకులు, కుళ్లిన కాయలు ఉంటాయి కదా, వాన చినుకు పడి చిట్లినప్పుడు దాని విత్తనాలు లేచి పిందె తొక్క మీద పడతాయి. కంటికి కనపడవు. తొక్కలోకి సూది మొనంత దూరి నిద్రపోతాది."

"నిద్రపోతాదా?"

"పోతాది. కాయ పచ్చిగా ఉన్నంతకాలం లేవలేదు. మాగి మెత్తబడినంక లేస్తాది. అందుకే కోసేటప్పుడు నున్నగా కనపడిన కాయ లారీలో కుళ్లేది."

చౌడక్కకు ఊపిరి తిరిగింది. "అంటే గీకకపోయినా కుళ్లుతాదన్న మాట! అందరిదీ కుళ్లుతాది!"

"పదింటికి ఒకటో రెండో. తొడిమ కాడ తెగిన చోట దూరుతాది ఇట్ల."

"మరి... ఎవురన్నా గీసినారనుకో. మాటకు. పాలు కారేదానికి."

వీణ తలెత్తింది. "పాలు ఎందుకు కార్చాల? బొప్పాయకు పాలే కాపలా అవ్వా. దాంట్లో ఉండే ఘాటుకు బూజు లేవలేదు. పాలు కారిపోతే కాపలా పోయినట్ల, గీటు పడితే వాకిలి తెరిసినట్ల. దానిమీద పేపర్ చుట్టి, తడి లోపలే ఉంచి, ఐదు దినాలు లారీలో పెడితే, ఇంగ దానికి పండగే. రెండు దినాల్లో తినేటట్లయితే ఏం కాదు. బూజు లేచేలోపల మనం తినేస్తాం."

బూజు లేచేలోపల మనం తినేస్తాం. పదిహేడేళ్ల చెయ్యి గుణం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. చౌడక్క పండును కొంగులోకి తీసుకోవడం కూడా మరిచిపోయి మెట్లు దిగింది. వీణ వెనక నుంచి పిలిచి ఇంకా ఏదో చెబుతోంది. వేడినీళ్లలో ముంచి తీస్తే తొక్కలో నిద్రపోయే బూజు చాలావరకు చస్తుందట, నలభై తొమ్మిది డిగ్రీలట, ఇరవై నిమిషాలట, నరేష్‌కు తను వచ్చి చూపిస్తుందట.

ఇంటికి వచ్చి నరేష్‌కు ఫోన్ చేసింది. సగమన్నా చెబితే సగం బరువు దిగుతుందనుకుంది.

"నరేషూ, అది గోళ్లు కాదంటప్పా. ఫంగస్సంట. సచివాలయం పాప చెప్పె. తోటలోనే పట్టుంటాదంట."

"నాకూ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది అత్తా. ఫంగస్ అయితే మాత్రం, గోరు పడకుండా యాడ దూరాల అది? ఆరునూర్లకూ దూరాల్నా?" అన్నాడు. మళ్లీ తనే, "నువ్వు మంచిదానివి కాబట్టి ఆయమ్మను ఎనకేసుకొస్తాండావు" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకొని కూర్చుంది. ఆ తిట్టు కన్నా పెద్ద తిట్టు ఏదైనా ఉంటే ఎవరైనా తిట్టమని అడగాలనిపించింది.

ఆ వారం బండి మీద పండు గట్టిగా ఉంది. రామాంజనేయులు కొరికి, "ఏమక్కా, నీ చక్కెర అయిపోయెనా?" అన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టకపోయేసరికి అతనికే భయమేసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ముల్లు పట్టుకుందామని రోజూ పొద్దున కూర్చునేది. కాయ ఒళ్లో పెట్టుకొని, ముల్లు ఆనించి, తీసేసేది. నీలావతి గుంపు రైలు దిగడం మానేసింది. ఒకామె ధర్మవరంలో ఇళ్లలో గిన్నెలు తోమడానికి కుదిరిందని, నీలావతి మగ్గం చట్రాన్ని కట్టెలకింద అమ్మిందని బండి దగ్గరే ఎవరో చెప్పారు. రెండు రాత్రులు చౌడక్క మాధవికి ఫోన్ కలిపి, రింగ్ కాకముందే తీసేసింది.

రెండో లోడు శనివారం. కదిరి వైపు నుంచి వస్తామన్న ఆడవాళ్లు ఊళ్లో పెళ్లి ఉందని శుక్రవారం రాలేమన్నారు. చెట్ల మీద కాయకు పసుపు చార తిరిగింది, ఒక్కరోజు ఆగినా ఢిల్లీకి పనికిరాదు. నరేష్ దిక్కులేక నీలావతికి ఫోన్ చేశాడు. వస్తానంది. ఎందుకు రానంటుంది? ఎవరూ పిలవక పది రోజులైంది.

తర్వాత అత్తకు ఫోన్ చేశాడు. "అత్తా, నువ్వు రావల్ల. నేను వీణమ్మతో నీళ్ల కాడ ఉంటా. నువ్వు ఆ ఆడోళ్ల మీద కన్నేసి పెట్టు."

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు రెండు పెద్ద అండాల్లో నీళ్లు కాగుతున్నాయి. వీణ పొడుగాటి థర్మామీటరు ముంచి తీసి, కట్టె లాగమంటోంది, తోయమంటోంది. రాలిన కాయలు, ఎండాకులు ఊడ్చి గట్టు అవతల పూడ్చారు. మాధవి టీ గ్లాసులు పట్టుకొని నిలబడింది. నీలావతి, ఆమె వెంట నలుగురు, ఆటో దిగారు. ఐదో ఆమె గిన్నెలు తోమే పని వదలలేకపోయింది.

నరేష్ జేబులోంచి గోళ్లు కత్తిరించేది తీసి అత్త చేతిలో పెట్టాడు.

"ఒక్కొక్కరి చేతులు చూసి, కత్తిరించి లోపలికి పంపు. నువ్వు చూసినావంటే నాగభూషణానికి ధైర్యంగా చెప్తా."

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకామె వెనక్కి తిరగబోయింది. నీలావతి ఆమె భుజం పట్టి ఆపి, తనే ముందుకు వచ్చి రెండు చేతులూ చాపింది. చౌడక్క ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. వేళ్ల కొసలు కాయలు కాసి, నున్నగా, చర్మంతో సమానంగా ఉన్నాయి. కత్తిరించడానికి పట్టు దొరికే గోరు ఒక్క వేలికీ లేదు. చౌడక్క ఒక వేలు పట్టుకొని, వదిలి, ఇంకో వేలు పట్టుకుంది. ఇనుప ముక్కను ఏ వేలికీ ఆనించలేకపోయింది.

నీలావతి అప్పటిదాకా నేల చూస్తోంది. ఆ తడబాటు తెలిసి తలెత్తింది. చౌడక్క ముఖంలోకి చూసింది.

"అక్కా, ఒకమాట అడుగుతా. ఆ పొద్దు మేము దించి, తుడిచి, నీకు అప్పజెప్పి పోయిన కాయల మీద గీటు ఉండెనా?"

"ఏయ్, మా అత్తను యాల అడుగుతావు? పెద్దామెను పట్టుకొని!" నరేష్ అండా దగ్గర నుంచి అరిచాడు.

"నువ్వడగల్యా కదప్పా ఇన్ని దినాలు. నేనడుగుతాండా." నీలావతి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "చెప్పక్కా. ఉండెనా, లేదా?"

మాధవి గ్లాసులు కింద పెట్టేసింది. ఆమె తల్లి వైపే చూస్తోంది, కళ్లతోనే బతిమాలుతోంది. ఉండె అన్న ఒక్క మాట చాలు. నరేష్ కట్టె పట్టుకొని అత్త మాట కోసం నిలబడ్డాడు, ఆమె ఏం చెబితే అదే నమ్మడానికి. నీళ్ల వేడి దాటిపోతోంది, కట్టె లాగండన్నా అంటోంది వీణ.

చౌడక్క నీలావతి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"లేదు నీలా. మీరిచ్చిపోయిన కాయకు రవ్వంత మచ్చ లేదు. ముల్లుతో నేనే గీసినాను, ఆరునూర్లకూ, తీపవుతాయని. అది కుళ్లుతాదని తెలీక చేసినా, దానికి నన్ను ఏమన్నా అను, ఓర్చుకుంటా. నా గీటుకే కుళ్లిందని కండ్లారా చూసి వారం దినాలాయె. ఈ వారం నిన్ను గేటు గేటుకూ తిప్పింది మాత్రం తెలిసే చేసినానమ్మా."